బొగ్గు నడిపిన యుద్ధనౌక: ఇల్లందు నుంచి చూస్తే ఎండెన్ కథ

1914 సెప్టెంబరు 22 రాత్రి తొమ్మిదిన్నర దాటాక మద్రాసు రేవు ముందు చీకట్లో ఒక జర్మన్ యుద్ధనౌక వచ్చి ఆగింది. తీరానికి మూడు కిలోమీటర్లు కూడా లేదు. సెర్చిలైట్లు వెలిగించి, ఒడ్డున ఉన్న బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద ఫిరంగులు పేల్చింది. అరగంట లోపే నూట పాతిక దాకా గుండ్లు పడ్డాయి. కిరసనాయిలు ట్యాంకులు అంటుకుని మంటలు ఆకాశానికి లేచాయి. రేవులో కొందరు ప్రాణాలు కోల్పోయారు. హైకోర్టు ఆవరణ గోడకూ ఒక గుండు తగిలింది. ఆ చోట పెట్టిన ఫలకం నేటికీ ఉంది. సైన్యం తేరుకుని ఎదురు కాల్పులు మొదలుపెట్టేసరికి నౌక దీపాలార్పేసి వెళ్లిపోయింది. ఆ తర్వాత కొన్ని రోజులు మద్రాసు స్టేషన్లలో రైలెక్కి ఊరొదిలిపోయే జనం వేలల్లో కనిపించారు.

ఆ నౌక పేరు ఎండెన్.

ఆనాటికి భద్రాచలం తాలూకా మద్రాసు ప్రెసిడెన్సీలోది. గోదావరి ఏజెన్సీలో భాగంగా మద్రాసు ప్రభుత్వ ఏలుబడిలో ఉండేది. నది దాటి ఇటొస్తే పాల్వంచ, ఇల్లందు, ఖమ్మం నిజాం రాజ్యం. సముద్రం ఎక్కడ, ఈ అడవి సరిహద్దు ఎక్కడ అనిపించవచ్చు. కానీ ఆ నౌక కథను మలుపు తిప్పిన పదార్థం ఏదో, అప్పటికి పాతికేళ్లుగా ఇల్లందు బాయిల్లో తవ్వుతున్నదీ అదే. యుద్ధనౌక అనగానే మనకు గుర్తొచ్చేవి ఫిరంగులు, ఉక్కు కవచం. ఎండెన్ ఎక్కడికి వెళ్లగలదు, ఎంత వేగంగా వెళ్లగలదు, ఎప్పుడు దొరికిపోతుంది అనే లెక్కల్ని మాత్రం దాని పొట్టలోని బొగ్గు తేల్చింది. బొగ్గు తెలిసిన నేల మీద నిలబడి చూస్తే ఈ కథ మరింత బాగా అర్థమవుతుంది.

కవచమా, బొగ్గా?

ఎండెన్‌ను బాల్టిక్ తీరాన డాన్జిగ్‌లోని ప్రభుత్వ నౌకా నిర్మాణశాలలో కట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. 1908 మే నెలలో నీళ్లలోకి దించారు, 1909 జులైలో నౌకాదళంలో చేర్చుకున్నారు. పొడవు 118 మీటర్లు, వెడల్పు పదమూడున్నర మీటర్లు. మామూలు బరువు 3,664 టన్నులు, బొగ్గూ సరుకూ నిండుగా నింపితే 4,268 టన్నులు. పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు, రెండు టార్పెడో గొట్టాలు, 361 మంది సిబ్బంది. నౌకాదళాల లెక్కలో ఇది తేలికపాటి క్రూయిజర్. పెద్ద నౌకలకు కళ్లూ చెవులుగా మసలడం, దూరదేశాల్లో జెండా చూపించడం, యుద్ధం వస్తే శత్రువుల వర్తక నౌకల్ని పట్టుకోవడం దాని పని.

ఓడను రూపొందించే ఇంజనీరుకు ముందు కనిపించేది బరువు చిట్టా. నీటిలో తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుందని ఆర్కిమెడిస్ సూత్రం. అంటే ఓడ కొలతలు ఖాయమైతే మోయగల బరువూ ఖాయమైనట్టే. ఆ బరువును ఒంటి ఉక్కుకు, ఇంజన్లకు, ఫిరంగులకు, కవచానికి, ఇంధనానికి, మనుషులకు పంచాలి. ఒకదానికి ఎక్కువిస్తే మరొకదానికి కోత.

ఎండెన్ ఉన్న తూర్పు ఆసియా దళంలోనే షార్న్‌హోర్స్ట్ అనే పెద్ద క్రూయిజర్ ఉండేది. దాని పక్కలకు నీటిమట్టం దగ్గర 150 మిల్లీమీటర్ల మందం ఉక్కు పట్టీ ఉంది. అంత మందం ఉక్కు ఒక చదరపు మీటరే సుమారు 1,180 కిలోలు తూగుతుంది. ఎండెన్‌కూ అలాంటి పట్టీ రెండు పక్కలా, ఓడ పొడవునా, మూడు మీటర్ల ఎత్తున వేయాలనుకుందాం. 708 చదరపు మీటర్లకు దాదాపు 830 టన్నుల ఉక్కు కావాలి. ఎండెన్ కొట్లలో పట్టే మొత్తం బొగ్గు 860 టన్నులు. అంటే ఆ కవచం కావాలంటే దాదాపు బొగ్గంతా వదులుకోవాలి. అప్పుడు ఎవరూ చీల్చలేని ఓడ తయారవుతుంది గానీ అది రేవు దాటి ఎక్కడికీ పోదు.

అందుకే పక్కలకు పట్టీ వేయలేదు. బదులుగా ఓడ లోపల, నీటిమట్టానికి దగ్గరగా, ఇంజన్ల పైన మూతలా ఒక ఉక్కు డెక్కు పరిచారు. దాని మందం గరిష్ఠంగా 80 మిల్లీమీటర్లు. మధ్యలో చదునుగా ఉండి అంచుల దగ్గర కిందికి వాలుతుంది. ఆ వాలులోనే ఉపాయమంతా ఉంది. చెరువు నీటి మీదికి ఏటవాలుగా విసిరిన చిల్లపెంకు మునగకుండా ఎగిరి పోయినట్టు, వాలు ఉక్కును ఏటవాలుగా తాకిన గుండు లోపలికి దిగకుండా జారిపోయే అవకాశం ఎక్కువ. పైగా గుండు వచ్చే దిశలో చూస్తే ఏటవాలు పలక అసలు మందం కన్నా ఎక్కువ మందంగా పనిచేస్తుంది. నౌకను నడిపించే అధికారులుండే గదికి 100 మిల్లీమీటర్ల ఉక్కు, ఫిరంగుల ముందు అడ్డుగా 50 మిల్లీమీటర్ల పలకలు పెట్టారు.

మరి ఓడ పక్కల సంగతి? అక్కడ కవచం పని కొంత బొగ్గే చేసేది. బొగ్గు కొట్లను ఓడ పక్కల వెంబడి, బాయిలర్లకూ బయటి గోడకూ మధ్య అమర్చేవారు. పక్క చీల్చుకుని వచ్చిన గుండు శకలాలు మీటర్ల మందం బొగ్గు పెళ్లల్లో కూరుకుపోయి బలం కోల్పోతాయి. గండి పడి నీళ్లొచ్చినా, నిండిన కొట్టులో నీటికి దొరికే చోటు తక్కువ. ఒకే బరువుతో ఇంధనమూ కవచమూ రెండూ వస్తున్నాయన్నమాట. కానీ ఈ కవచం రోజురోజుకీ కాలిపోయే కవచం. ప్రయాణం సాగేకొద్దీ కొట్లు ఖాళీ అవుతాయి, రక్షణ తగ్గుతుంది. ఒక పక్క బొగ్గు ముందుగా వాడేస్తే ఓడ మరో పక్కకు ఒరుగుతుంది కాబట్టి రెండు పక్కలా సమంగా తీస్తూ పోవాలి. అందుకోసమే కొట్లలో చీకట్లో పారలు పట్టుకుని, బొగ్గును ముందుకు లాగి బాయిలర్ల దాకా చేరవేసే మనుషులుండేవారు. బాయి లోపల తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బులు నింపిన మన కార్మికుడు ఆ కొట్టులోకి వెళ్తే పని కొత్తగా నేర్చుకోవాల్సిన అవసరం ఉండేది కాదు.

ఒకే ఆవిరి మూడుసార్లు

ఎండెన్‌లో 12 బాయిలర్లు. నీళ్లు గొట్టాల లోపల పారుతుంటే వాటి బయట మంట ఆడుతుంది. పుట్టిన ఆవిరి రెండు పిస్టన్ ఇంజన్లకు పోతుంది. అధిక పీడనంతో వచ్చిన ఆవిరి మొదట చిన్న సిలిండర్‌లో పిస్టన్‌ను తోస్తుంది. తోసేటప్పుడు వ్యాకోచించి పీడనం కోల్పోతుంది, కానీ దానిలో ఇంకా సత్తువ ఉంటుంది. దాన్ని బయటికి వదిలేయకుండా అంతకన్నా పెద్ద సిలిండర్‌లోకి, అక్కడి నుంచి ఇంకా పెద్ద సిలిండర్‌లోకి పంపుతారు. చివరికి మిగిలిన ఆవిరిని కండెన్సర్‌లో సముద్రపు నీటి చల్లదనంతో నీరుగా మార్చి మళ్లీ బాయిలర్‌కు పంపుతారు. సముద్రంలో మంచినీళ్లు దొరకవు కాబట్టి ఆ నీటిని పోగొట్టుకోకూడదు.

దీని తోబుట్టువు నౌక డ్రెస్డెన్‌కు కొత్తగా వచ్చిన టర్బైన్లు పెట్టారు. పిస్టన్ ఇంజన్లతో కట్టిన చివరి జర్మన్ క్రూయిజర్ ఎండెన్. పాతకాలపు యంత్రం అనిపించినా దానికొక మేలుంది. ఆ రోజుల్లో టర్బైన్లు పూర్తి వేగంలో బాగా పనిచేసేవి, నెమ్మదిగా నడిపితే మాత్రం బొగ్గు దండిగా మింగేవి. నెలల తరబడి నింపాదిగా తిరుగుతూ వేటాడే ఓడకు పిస్టన్ ఇంజనే నయం.

ఇప్పుడు అసలు లెక్క. 12 నాట్స్ వేగంతో, అంటే గంటకు 22 కిలోమీటర్లతో వెళ్తే 860 టన్నులతో ఎండెన్ 3,760 నాటికల్ మైళ్లు పోగలదు. సుమారు 13 రోజుల ప్రయాణం. రోజుకు 66 టన్నులు. కిలోమీటరుకు దాదాపు 120 కిలోలు, అంటే రెండు మూడు బస్తాల బొగ్గు. అదీ మెల్లగా వెళ్తే.

వేగం పెంచితే లెక్క తలకిందులవుతుంది. నీటిలో ఓడను నెట్టడానికి కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. ఎండెన్ పూర్తి వేగం 23.5 నాట్స్, 12కు దాదాపు రెట్టింపు. ఆ వేగంతో పరుగెత్తితే 13 రోజుల బొగ్గు రెండు రోజులకు అటూ ఇటూగా అయిపోతుంది. కాబట్టి వేగం అనేది ఎప్పుడూ చేతిలో ఉండే బలం కాదు, అత్యవసరంలో మాత్రమే తీసి ఖర్చు పెట్టే దాపుడు సొమ్ము. అప్పటి ఓడల ఇంజన్లు బొగ్గులోని వేడిలో పదో వంతుకు అటూ ఇటూగా మాత్రమే పనిగా మార్చేవి. తొంభై పాళ్లు పొగగొట్టం గుండా, కండెన్సర్ నీళ్ల గుండా పోయేది. అంటే తొమ్మిది బస్తాలు వృథా పోతే ఒక బస్తా ఓడను నడిపేది.

బొగ్గంతా ఒకటి కాదు

ఈ లెక్కలన్నీ మంచి బొగ్గుకు వర్తిస్తాయి. ఆనాటి నౌకాదళాల దృష్టిలో మంచి బొగ్గంటే బ్రిటన్‌లోని వేల్స్ గనుల బొగ్గు. అదెందుకు మేలో తెలియాలంటే మన బొగ్గు పుట్టుక చూడాలి.

భద్రాచలం రాముడి దర్శనానికి వెళ్తున్న యాత్రికులు దారిలో ఇల్లందు దగ్గర వంటకు రాళ్లు పేర్చి పొయ్యి వెలిగిస్తే రాళ్లే అంటుకున్నాయని సింగరేణి పుట్టుక గురించి చెప్పుకునే కథ ఒకటుంది. అది నిజమైనా కాకపోయినా, 1870ల మొదట్లో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన విలియం కింగ్ ఇక్కడి నిక్షేపాలను గుర్తించింది మాత్రం చరిత్ర. ఆయన పేరే 'కింగ్ సీమ్' అనే బొగ్గు పొరకు ఉంది. 1886లో లండన్‌లో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకం హక్కులు తీసుకుంది. డోర్నకల్ మీదుగా రైలు మార్గం వచ్చాక 1889 నుంచి ఇల్లందులో, జనం బొగ్గుట్ట అని పిలిచే ఊళ్లో, బొగ్గు తీయడం మొదలైంది. సింగరేణి కాలరీస్ కంపెనీగా ఏర్పడింది 1920లో. ఎండెన్ బంగాళాఖాతంలో తిరుగుతున్న నాటికి ఇల్లందు బొగ్గు దక్షిణాది రైళ్లను, మిల్లులను నడుపుతోంది.

ప్రాణహిత, గోదావరి లోయల వెంట పరచుకున్న ఈ బొగ్గు గోండ్వానా బొగ్గు. 25 కోట్ల ఏళ్లకు పైబడిన పర్మియన్ యుగంలో, దక్షిణ ఖండాలన్నీ ఒకటిగా ఉన్న రోజుల్లో, గ్లాసాప్టెరిస్ జాతి చెట్లు పడి కుళ్లి పూడిపోగా ఏర్పడింది. నదులు ఆ చెట్ల శిథిలాలతో పాటు ఒండ్రునూ తెచ్చి అదే పల్లంలో పోశాయి. ఆ మట్టి బొగ్గులో కణకణానా కలిసిపోయింది, కడిగితే పోయేది కాదు. అందుకే భారతీయ బొగ్గులో బూడిద ఎక్కువ. ఇవాళ మన థర్మల్ కేంద్రాల్లో కాల్చే రకాల్లో అది చాలా సందర్భాల్లో 30 శాతం దాటుతుంది.

వేల్స్ బొగ్గు అంతకన్నా పాతది. భూమి లోతున ఎక్కువ వేడినీ ఒత్తిడినీ తిన్నది. దానిలో బూడిద తక్కువ, వేడి ఎక్కువ, కిలోకు దాదాపు 8,000 కిలోకేలరీలు. సింగరేణి రకాలు రమారమి 3,500 నుంచి 6,000 మధ్య ఉంటాయి.

పొగ తేడా మరీ ముఖ్యం. బొగ్గును వేడి చేయగానే దానిలోంచి మొదట ఆవిర్లు, వాయువులు బయటికొస్తాయి. వీటినే బాష్పశీల పదార్థాలంటారు. కొలిమిలో గాలి చాలకపోయినా, పారతో తాజా బొగ్గు వేయడం వల్ల మంట చల్లబడినా అవి సగమే కాలి మసిగా మారతాయి. పొగగొట్టం నుంచి నల్లగా పైకి లేచేది ఆ మసే. వేల్స్ ఆవిరి బొగ్గులో ఈ వాయువులు తక్కువ కాబట్టి దాదాపు పొగ లేకుండా ఎర్రగా కాలుతుంది. మన గోండ్వానా బొగ్గుల్లో ఇవి రెండింతలకు పైనే ఉంటాయి.

వేడి మూడో వంతు తగ్గిన బొగ్గు వాడితే ఏమవుతుంది? అదే వేగానికి 66 టన్నుల బదులు రోజుకు 99 టన్నులు కావాలి. కొట్టులో పట్టేది మాత్రం అంతే, అందువల్ల 13 రోజుల ప్రయాణం తొమ్మిది రోజులకు కుదించుకుపోతుంది. పారలు వేసే చేతులకు ఒకటిన్నర రెట్లు పని. బూడిద కరిగి ముద్ద కట్టి క్లింకర్‌గా మారి కొలిమి కడ్డీల సందులు మూసేస్తుంది, గాలి ఆడదు, మంట తగ్గుతుంది. ఎవరో ఒకరు ఆ వేడిలో పొడవాటి ఇనుప కడ్డీతో దాన్ని పగలగొట్టి బయటికి లాగాలి. బాయిలర్ గొట్టాల మీద మసి పేరుకుంటే వేడి నీటికి అందదు. అప్పుడు ఎన్ని పారలు వేసినా పూర్తి వేగం రాదు.

బొగ్గు కోసమే వేట

1914 ఆగస్టులో యుద్ధం మొదలైనప్పుడు తూర్పు ఆసియాలోని జర్మన్ దళాధిపతి ఫాన్ స్పీ తన ఓడలతో పసిఫిక్ మీదుగా వెళ్లిపోయాడు. ఎండెన్‌ను మాత్రం హిందూ మహాసముద్రంలోకి ఒంటరిగా పంపాడు. కెప్టెన్ కార్ల్ ఫాన్ ముల్లర్. వెంట మార్కోమానియా అనే బొగ్గు ఓడ. ఆ సముద్రపు తూర్పు భాగంలో జర్మనీకి ఒక్క రేవు లేదు. తటస్థ దేశాల రేవుల్లోనూ యుద్ధనౌక ఎక్కువసేపు ఉండకూడదు. వెంట తెచ్చుకున్న బొగ్గు అయిపోతే శత్రువు దగ్గర గుంజుకోవడమే గతి.

ఓడకు మూడు పొగగొట్టాలు. గుడ్డా కర్రలతో నాలుగోది కట్టి నిలబెడితే, దూరం నుంచి చూసేవాళ్లకు అది బ్రిటిష్ క్రూయిజర్‌లా కనిపించేది. సెప్టెంబరు మొదట్లో బంగాళాఖాతంలోకి ప్రవేశించిన ఎండెన్‌కు మొదట దొరికినవాటిలో పొంటోపొరోస్ అనే గ్రీకు ఓడ ఒకటి. దాని నిండా కలకత్తా నుంచి బయల్దేరిన బెంగాల్ బొగ్గు, 6,000 టన్నులకు పైగా. ముల్లర్ దాన్ని ముంచలేదు, వెంట తిప్పుకున్నాడు. ఆ తర్వాత వరుసగా ఇండస్, లొవాట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబాక్. మనుషుల్ని దించుకుని ఓడల్ని ముంచేవాడు, వాళ్లను కబింగా అనే ఓడలో ఎక్కించి వదిలేశాడు. ఆ వార్త ఒడ్డుకు చేరాక బంగాళాఖాతంలో వర్తకం కొన్నాళ్లు స్తంభించింది. విశాఖ, కాకినాడ నుంచి కూలీలు రంగూన్ వెళ్లే దారి కూడా ఇదే సముద్రం మీదుగానే.

బెంగాల్ బొగ్గు ఆకలి తీర్చింది గానీ రుచించలేదు. పొగ, మసి, బూడిద. మద్రాసు మీద దాడి తర్వాత దక్షిణంగా తిరిగి సింహళానికి అవతల సెప్టెంబరు 27న బ్యురెస్క్ అనే బ్రిటిష్ ఓడను పట్టుకున్నప్పుడు ఎండెన్ ఇంజనీర్లకు పండగే. బ్రిటిష్ నౌకాదళం కోసం వెళ్తున్న 6,600 టన్నుల శ్రేష్ఠమైన వేల్స్ బొగ్గు అందులో ఉంది. శత్రువు కడుపు నింపాల్సిన బొగ్గు వీళ్ల బాయిలర్లకు చేరింది.

కానీ ఓడ మీద బొగ్గు దొరకడం ఒక ఎత్తు, దాన్ని తమ కొట్లోకి ఎక్కించడం మరో ఎత్తు. నడిసముద్రంలో రెండు ఓడల్ని పక్కపక్కనే కట్టాలి. అల లేచినప్పుడల్లా అవి ఒకదాన్నొకటి ఢీకొంటాయి, మధ్యలో వేలాడదీసిన దిండ్లు నలిగిపోతాయి. బొగ్గు ఓడ కొట్టులోకి దిగినవాళ్లు గోతాలు నింపుతారు, క్రేను తాళ్లకు కట్టి పైకి లాగుతారు, ఇటు డెక్కు మీద దించి నేలలోని గుండ్రటి రంధ్రాల్లోకి ఒంపుతారు. కింద కొట్టులో మరికొందరు ఆ బొగ్గును మూలమూలలకూ నెట్టి సర్దుతారు. ఉష్ణమండలపు ఎండ, మూసిన గదులు, ముక్కులో నోట్లో దూరే నల్లటి ధూళి. అధికారులకూ మినహాయింపు లేదు. ఒక రేవులో కూర్చుని చేయాల్సిన పనిని శత్రునౌక ఎప్పుడొస్తుందో తెలియకుండా అలల మీద చేయడమే ఎండెన్ దినచర్య. కొట్లు చాలక డెక్కు మీద కూడా బొగ్గు పోసుకునేవారు.

అక్టోబరులో డీగో గార్షియా ద్వీపంలో ఆగి ఓడ అడుగున పట్టిన నాచును వీలైనంత గీకారు. యుద్ధం మొదలైన సంగతి ఆ ద్వీపవాసులకు ఇంకా చేరనేలేదు. నాచు పట్టిన ఒంటికి నీటి రాపిడి ఎక్కువ, అదే వేగానికి ఎక్కువ బొగ్గు. అడుగు గీకడం కూడా బొగ్గు పొదుపే. అదే నెల 28న పెనాంగ్ రేవులోకి దూరి రష్యన్ క్రూయిజర్ జెమ్‌చుగ్‌ను, బయటికొస్తూ ఫ్రెంచి డిస్ట్రాయర్ మౌస్కేను ముంచింది.

దిగంతంలో పొగ

నవంబరు 9న ఎండెన్ కోకోస్ దీవుల్లోని డైరెక్షన్ ద్వీపానికి చేరింది. సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగలు కలిసే స్టేషన్ అది. హెల్‌ముట్ ఫాన్ మ్యూకే నాయకత్వంలో యాభై మంది ఒడ్డుకు దిగి పరికరాలు పగలగొట్టడం మొదలుపెట్టారు. కానీ వింత ఓడ వచ్చిందన్న కబురును స్టేషన్ వాళ్లు అంతకుముందే పంపేశారు. అక్కడికి 50 నాటికల్ మైళ్ల దూరంలో ఆస్ట్రేలియా సైనికుల్ని తీసుకెళ్తున్న ఓడల బారుకు కాపలాగా హెచ్‌ఎంఎఎస్ సిడ్నీ అనే క్రూయిజర్ ఉంది. అది వెంటనే దారి మళ్లింది.

ఆ పొద్దున ముల్లర్ బొగ్గు ఎక్కించుకోవడానికి బ్యురెస్క్‌ను రమ్మని కబురు పంపాడు. కాసేపటికి కాపలావాడికి దిగంతంలో పొగ కనిపించింది. బొగ్గు ఓడే అనుకున్నారు.

పొగ ఎందుకంత ముందుగా కనిపిస్తుందో చిన్న లెక్కతో చెప్పవచ్చు. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి 30 మీటర్ల ఎత్తున నిలబడిన వాడికి దిగంతం 20 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. అవతల ఓడ పొగ 50 మీటర్లు లేస్తే దాని కొస 45 కిలోమీటర్ల నుంచే కంటపడుతుంది, ఓడ ఒళ్లు మాత్రం ఇంకా నీటి వంపు చాటునే ఉంటుంది. దూరం నుంచి చూసేవాడికి ఎవరో వస్తున్నారని తెలుస్తుంది, ఎవరో తెలియదు. ఆ రోజు ఎండెన్ నష్టపోయింది ఆ తేడాలోనే. వస్తున్నది శత్రు క్రూయిజర్ అని దాని స్తంభాలు చూసి పోల్చుకునేసరికి, ఒడ్డున ఉన్న యాభై మందిని వెనక్కి తెచ్చుకునే వ్యవధి లేకపోయింది. వాళ్లను వదిలి లంగరు ఎత్తాల్సి వచ్చింది.

సిడ్నీ ఎండెన్ కన్నా నాలుగేళ్లు చిన్నది. ఆ నాలుగేళ్లలో యంత్రాలు చాలా మారాయి. టర్బైన్లతో 25 నాట్స్‌కు పైగా వేగం, బరువు 5,400 టన్నులు. రెండింటికీ ఒక పక్కకు అయిదేసి ఫిరంగులే తిరుగుతాయి. ఎండెన్ గుండు దాదాపు 17 కిలోలు, సిడ్నీది 45 కిలోలు. అంటే ఒక్క విడతకు ఇటు 85 కిలోల ఉక్కు, అటు 225 కిలోలు. ఎండెన్ గన్నర్లు ముందుగా, గురి తప్పకుండా కొట్టారు. సిడ్నీలో దూరం కొలిచే పరికరాన్ని దెబ్బతీశారు. కానీ సిడ్నీ కెప్టెన్ తన వేగంతో దూరం జరిగి, ఎండెన్ గుండ్లు సరిగా తగలని దూరం నుంచి కాల్చాడు. యుద్ధంలో దూరాన్ని ఎంచుకునే హక్కు వేగంగలవాడిదే. వేగం బొగ్గుదీ ఇంజన్లదీ. కొట్లు ఖాళీ అయిన, పొగగొట్టాలు కూలిన ఓడలో ఆ రెండూ మిగలవు. గొట్టం కూలితే కొలిమికి గాలి లాగుడు పోతుంది, ఆవిరి పడిపోతుంది. పదకొండు దాటాక ముల్లర్ ఓడను నార్త్ కీలింగ్ ద్వీపపు పగడపు దిబ్బ మీదికి ఎక్కించాడు. 130 మందికి పైగా చనిపోయారు. ఇరవైకి పైగా ఓడల్ని పట్టుకున్న వేట మూడు నెలల్లో ముగిసింది. ఒడ్డున మిగిలిన మ్యూకే బృందం ఆయెషా అనే పాత తెరచాప ఓడ పట్టుకుని బయటపడింది. గాలితో నడిచే ఓడకు బొగ్గుతో పని లేదు. సుమత్రా దాటి, అరేబియా మీదుగా వాళ్లలో చాలామంది 1915లో టర్కీ రాజధానికి చేరారు.

నూనె వచ్చాక

మద్రాసులో ఎండెన్ కాల్చిన ట్యాంకుల సొంతదారు బర్మా ఆయిల్ కంపెనీ. 1909లో ఆ కంపెనీ పిల్లగా పుట్టిందే ఆంగ్లో పర్షియన్ ఆయిల్ కంపెనీ. 1914లో బ్రిటిష్ ప్రభుత్వం దానిలో మెజారిటీ వాటా కొనేసింది, తన యుద్ధనౌకలకు నూనె ఖాయం చేసుకోవడానికి. నూనె కిలోకు బొగ్గు కన్నా ఎక్కువ వేడి ఇస్తుంది. గొట్టం కలిపి పంపుతో నింపవచ్చు, పారలు అక్కర్లేదు, బూడిద రాదు, పొగ చాలా తక్కువ, నడిసముద్రంలోనూ నింపుకోవడం తేలిక. ఎండెన్‌ను పీడించిన కష్టాలన్నింటికీ జవాబు ఒక్క ద్రవంలో దొరికింది. ఓ ఇరవై ఏళ్లలో బొగ్గు యుద్ధనౌకల నుంచి దాదాపుగా తప్పుకుంది. అయితే బ్రిటన్‌కు బొగ్గు సొంత నేలలోది, నూనె పరదేశంలోది. పశ్చిమాసియా మీద అగ్రరాజ్యాల చూపు అంతగా నిలిచిపోవడానికి ఈ మార్పూ ఒక కారణం.

బొగ్గు నౌకల్ని వదిలింది గానీ ఆవిరి చక్రం ఆగలేదు. పాల్వంచలోని కొత్తగూడెం థర్మల్ పవర్ స్టేషన్‌లో 1966 నుంచి, మణుగూరు దగ్గర గోదావరి ఒడ్డున భద్రాద్రి థర్మల్ కేంద్రంలో ఇప్పుడు జరుగుతున్నది సూత్రంలో ఎండెన్ పొట్టలో జరిగినదే. బొగ్గు కాలుతుంది, గొట్టాల్లో నీరు ఆవిరవుతుంది, ఆవిరి యంత్రాన్ని తిప్పుతుంది, కండెన్సర్‌లో మళ్లీ నీరవుతుంది. పిస్టన్ల స్థానంలో టర్బైన్లు, పారల స్థానంలో బొగ్గును పిండి చేసి గాలితో ఊదే మిల్లులు. పాల్వంచలోని 800 మెగావాట్ల యూనిట్ లాంటి ఆధునిక యంత్రాలు బొగ్గు వేడిలో పదింట నాలుగు పాళ్ల వరకూ కరెంటుగా మారుస్తాయి. ఎండెన్ కన్నా నాలుగింతలు.

అయినా పాత లెక్క ఒకటి మారలేదు. వేడి తక్కువ, బూడిద ఎక్కువ ఉన్న బొగ్గును దూరం మోస్తే మోతలో మూడో వంతు మట్టికే ఖర్చవుతుంది. ముల్లర్ ఓడ కొట్లో ఆ మట్టి చోటు తినేసింది, చేతులు అలిసిపోయేలా చేసింది. నేల మీద దీనికి పరిష్కారం సులువు: బొగ్గును మోయకుండా యంత్రాన్నే గని దగ్గరికి తేవడం, తయారైన కరెంటును తీగల మీద పంపడం. పాల్వంచ, మణుగూరు కేంద్రాలు సరిగ్గా బొగ్గు బాయిల అంచున, గోదావరి, కిన్నెరసాని నీళ్ల అందుబాటులో వెలిశాయి. తన గనినీ తన చల్లటి నీటినీ పక్కనే పెట్టుకునే అదృష్టం ఓడకు ఉండదు. సముద్రం చల్లదనమిస్తుంది గానీ గని ఇవ్వదు. ఎంత మంచి కవచం కట్టినా, ఎంత గురి గల ఫిరంగులు పెట్టినా, ఎండెన్ మాత్రం తర్వాతి బస్తా ఎక్కడ దొరుకుతుందో వెతుక్కునే తిరగాల్సి వచ్చింది.